పిలిచాక ఇంక జాగ్రత్త పడొద్దు

18 క్లేలు, అంటే గాల్లోకి విసిరితే తుపాకీతో కొట్టే బిళ్ళలు, వరసగా పగిలాయి. ట్రాప్ అనే ఈ షూటింగ్ ఆటలో ఒక రౌండుకి 25 బిళ్ళలు, మొదటి 18కి 18 పడటం నాకు అంతకుముందెప్పుడూ జరగలేదు. హైదరాబాద్ రేంజ్‌లో పొద్దున్నే, ఎండ ఇంకా నెత్తికెక్కలేదు, గాలి లేదు, నారింజ రంగు బిళ్ళ అలా లేవడం, ఇలా పొడైపోవడం. నేనేదో చేస్తున్నానన్న స్పృహ కూడా లేదు. నాలుగో స్టేషన్‌కి, అంటే నిలబడి కొట్టే నాలుగో చోటుకి, జరుగుతుంటే పక్కనున్న మిత్రుడు, నా మీద ప్రేమతోనే, మెల్లిగా అన్నాడు: "అన్నా, ఇంక ఏడే. జాగ్రత్త."

19వది పగిలింది కానీ రెండో తూటాకి. 20వది రెండు తూటాలకీ దొరకలేదు. ఆ తర్వాత 22, 23 పోయాయి, ఆఖరిది కూడా పోయింది. 25కి 21. స్కోరు షీట్ మీద చూస్తే నాలాంటి వాడికి చెడ్డ రౌండేమీ కాదు. కానీ ఆ రాత్రి విశాఖ తిరిగొచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పడుకుని నిద్ర పట్టక అదే ఆలోచించాను. 18 దాకా బాగా కొట్టిన చేతులు అవే, తుపాకీ అదే, కళ్ళు అవే. మధ్యలో కొత్తగా వచ్చి చేరింది ఒక్క మాట.

ఆ మాట మీద నాకేమీ కోపం లేదు. మన ఇళ్ళలో గుమ్మం దాటేటప్పుడు వినపడే ఆఖరి మాట అదే కదా. పరీక్షకి వెళ్తున్నా, పెళ్ళికి వెళ్తున్నా, స్కూటర్ మీద గాజువాక దాకా వెళ్ళొస్తున్నా "జాగ్రత్త" అనకుండా అమ్మ తలుపు వేయదు. జాగ్రత్త మంచిదే. చేస్తున్న పనిని చేస్తూనే ఇంకోసారి సరిచూసుకోవడమే జాగ్రత్త అంటే. సరిచూసుకోవడానికి కాస్త టైమ్ కావాలి. క్లే షూటింగ్‌లో బిళ్ళని వదలమని "పుల్" అని పిలిచిన క్షణం నుంచి ఆ టైమ్ లేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అంతా ఇదే: జాగ్రత్త మొత్తం పిలుపుకి ముందే ఖర్చు పెట్టేయాలి, పిలిచాక ఒక్క పైసా కూడా మిగల్చకూడదు.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. క్లే అంటారు కానీ అది మట్టిది కాదు, తారులాంటి పిచ్‌లో సున్నపురాయి పొడి కలిపి పోతపోసిన బిళ్ళ. అడ్డం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. నెమ్మదిగా నేల మీద పడేస్తే ఒక్కోసారి పగలను కూడా పగలదు, ఒకటి రెండు సీసపు గుళ్ళు సరిగ్గా తగిలితే మాత్రం ముక్కలవుతుంది. ఒలింపిక్ ట్రాప్‌లో మనం నిలబడే వరసలో 5 స్టేషన్లు, మనకి 15 మీటర్ల ముందు ఒక కందకం, అందులో 15 యంత్రాలు. ప్రతి స్టేషన్‌కీ ఎదురుగా మూడేసి. ఆ మూడింటిలో ఏది విసురుతుందో ముందే తెలియదు. ఎడమకీ కుడికీ 45 డిగ్రీల దాకా, ఎత్తుగానో నేలబారుగానో, మన నుంచి దూరంగా పారిపోతూ ఉంటుంది బిళ్ళ. ఎవరూ కొట్టకపోతే 76 మీటర్ల దూరాన పడుతుంది. గంటకి దాదాపు 100 కిలోమీటర్ల వేగం. బాగా కొట్టేవాళ్ళు మొదటి తూటాని పిలిచిన తర్వాత సెకను నిండకుండానే వదిలేస్తారు. కన్ను చూసిన దానికి చెయ్యి స్పందించడానికే సెకనులో ఐదో వంతు పోతుంది. మిగిలిన దాంట్లో తుపాకీ కదలాలి, బిళ్ళని దాటాలి, వేలు నొక్కాలి. ఇందులో "ఆగు, ఓసారి చూసుకుంటాను" అనడానికి చోటెక్కడుంది?

అయినా మనసు అంటుంది. అనగానే ఏం జరుగుతుందో నాకిప్పుడు బాగా తెలుసు, ఎందుకంటే నా పోయిన క్లేలలో సగానికి పైగా ఇలాగే పోయాయి. కన్ను బిళ్ళ మీంచి వెనక్కి వచ్చి బ్యారెల్ కొస మీదున్న చిన్న పూసని చూస్తుంది, సరిగ్గా ఉందా లేదా అని. ఆ ఒక్క చూపుకి చేతులు ఆగిపోతాయి. కన్ను దేన్ని వెంటాడితే చేతులు దాని వెంట వెళ్తాయి, కన్ను పూస మీదుంటే పూస ఎక్కడికీ పోవట్లేదు కాబట్టి చేతులూ పోవు. బిళ్ళ మాత్రం పోతూనే ఉంటుంది. 24 గ్రాముల సీసం, దాదాపు 300 సన్నటి గుళ్ళు, అరక్షణం క్రితం బిళ్ళ ఉన్న చోటుకి చక్కగా చేరుకుంటాయి. అక్కడ గాలి ఉంటుంది.

స్కీట్‌లో, అంటే బిళ్ళలు రెండు పక్కల నుంచి అడ్డంగా ఎగిరే ఇంకో రకం క్లే పోటీలో, ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. నాలుగో స్టేషన్‌లో బిళ్ళ మన కళ్ళ ముందు అడ్డంగా దూసుకుపోతుంది, గుళ్ళు దాన్ని చేరేలోపు అది ఒక మీటరుకి పైగా జరిగిపోతుంది. అంటే మనం కొట్టాల్సింది బిళ్ళ లేని చోట. గురి చూసి బిళ్ళ మీదే పెట్టి కొట్టినవాడు ఖచ్చితంగా తప్పుతాడు. నేర్చుకునే రోజుల్లో ఇది నాకు అన్యాయంగా అనిపించేది. ఎంత శ్రద్ధగా గురి పెడితే అంత వెనక పడుతున్నాను! శ్రద్ధ పెట్టినందుకు శిక్షేమిటి? నా శ్రద్ధ తప్పు చోట ఉందని అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

షూటింగ్ అనగానే మనవాళ్ళందరూ అర్జునుడి కథ చెప్తారు. నాకు కనీసం యాభైమంది చెప్పుంటారు: చెట్టు లేదు, కొమ్మ లేదు, పిట్ట కన్నొక్కటే కనిపించాలి, అదీ ఏకాగ్రత అంటే, అని. నేను ఆ కథని కాదనను, కానీ మనం దాంట్లోంచి తప్పు సంగతి తీసుకున్నాం అనుకుంటాను. ఏకాగ్రత అనగానే మనం పళ్ళు బిగిస్తాం, భుజాలు బిగిస్తాం, ఊపిరి బిగిస్తాం. కథలో బిగింపు ఎక్కడా లేదు. ద్రోణుడు అడిగింది నీకేం కనిపిస్తోంది అని మాత్రమే. అర్జునుడి జవాబులో తన బాణం మొన లేదు, తన చెయ్యి లేదు, పక్కన నిలబడిన అన్నలూ తమ్ముళ్ళూ లేరు, తగిలితే గురువు ఏమంటాడో అన్నది లేదు. అయినా అది కొమ్మ మీద కదలకుండా ఉన్న బొమ్మ పిట్ట, అతనికి కావలసినంత సమయం ఉంది. మన బిళ్ళకి కన్ను లేదు, కానీ అంచు ఉంది. ఎగురుతున్న బిళ్ళ ముందంచుని చూడగలిగిన రోజున అది మామూలు కంటే పెద్దదిగా, నెమ్మదిగా కనిపిస్తుంది. ఇది అనుభవించినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

పెద్ద జాలారిపేట ఒడ్డున ఒక పెద్దాయన విసురువల వేస్తుంటే చాలాసేపు నిలబడి చూశాను ఒకసారి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, వల అంచు ఒక కొస పళ్ళ మధ్య పట్టుకుని, మిగిలింది రెండు చేతుల మీద సర్దుకుని, చాలాసేపు అసలు కదల్లేదు. ఆ సర్దుకోవడంలో ఎంత ఓపికో! ఒక్కో మడతా, ఒక్కో సీసపు గుండూ వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. కళ్ళు మాత్రం నీటి మీదే. ఒక అల వెనక్కి లాగగానే నడుం తిప్పి వదిలేశాడు, అంతే, వల గొడుగులా విచ్చుకుని పడింది. "తాతా, వల సరిగ్గా విప్పుకుందో లేదో చూసుకోవా?" అని అడిగాను. "వలని సూత్తే సేప ఉంటాదేటి బాబూ? సర్దినప్పుడే సూసేసినాను గదా" అన్నాడు, మళ్ళీ వల లాక్కుంటూ. ఆ మాట మర్నాడు నా నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

ఆ నోట్‌బుక్ గురించి చెప్పాలి, ఎందుకంటే నా షూటింగ్‌లో వచ్చిన మార్పుకి సగం కారణం అదే. మూడేళ్ళుగా పోయిన ప్రతి క్లేనీ రాస్తున్నాను. రౌండ్ అయిపోయాక, నీడలో కూర్చుని, టీ తాగేలోపు. పెద్ద వ్యాసాలేమీ కాదు. "స్టే 5, కుడి, వెనక. గన్ ఆగింది." "స్టే 1, ఎడమ, పైన. తల లేచింది." "స్టే 3, తిన్నగా. పిలిచినప్పుడు చూపు కందకం అంచు మీద ఉంది, బిళ్ళ గీతలా కనిపించింది." మొదట్లో చాలా వాటికి కారణం తెలిసేది కాదు, ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి. నెలలు గడిచాక ఆ ప్రశ్నార్థకాలు తగ్గాయి. పగిలినవి ఎందుకు రాయవు అని ఒకాయన అడిగారు. పగిలినవి కూడా రాయాలని నిజంగానే ప్రయత్నించాను, రాయడానికి ఏమీ గుర్తుండేది కాదు.

తల లేవడం గురించి ఇంకొంచెం. మేం వాడే షాట్‌గన్‌కి రైఫిల్‌లా వెనక సైట్ (గురి చూసే గుర్తు) ఉండదు. మన కన్నే వెనక సైట్. బుగ్గ స్టాక్‌కి (తుపాకీ వెనక భాగానికి) అతుక్కుని ఉన్నంతసేపూ కన్ను రోజూ ఉండే చోటే ఉంటుంది, తుపాకీ కన్ను చూసిన చోటే కొడుతుంది. బిళ్ళ పగిలిందో లేదో చూద్దామన్న ఆశ కొద్దీ తల పావు అంగుళం లేచినా గుళ్ళు బిళ్ళ పైనుంచి పోతాయి. ఫలితం చూడాలన్న ఆత్రమే ఫలితాన్ని పాడుచేసే పని ఇంత నేరుగా, ఇంత తొందరగా జరిగే చోటు ఇంకోటి నేనెక్కడా చూడలేదు. అందుకే పగిలాక కూడా ముక్కల్లో ఒక పెద్ద ముక్కని కంటితో కాసేపు వెంటాడమని కోచ్‌లు చెప్తారు. అది అలంకారం కోసం కాదు, బుగ్గ అక్కడే ఉండటం కోసం.

మరి జాగ్రత్త ఎక్కడ ఖర్చు పెట్టాలి? ఇంట్లో. నేను క్లేలు కొట్టేది నెలకోసారి హైదరాబాద్ వెళ్ళినప్పుడే. తుపాకీ లైసెన్సు కాగితాలతో పాటు మోసుకెళ్తాను, తూటాలు అక్కడే తీసుకుంటాను. ట్రాప్‌లో ఒక రౌండుకి 25 క్లేలు, రెండేసి తూటాలు వాడితే 50. తూటాల ఖరీదు, రైలు, బస, సెలవు, ఇవన్నీ కలిపితే నాలాంటి జీతగాడికి నెలకి ఒకసారే ఎక్కువ. కానీ మిగతా 29 రోజులూ ఎంవీపీ కాలనీలో మా రెండో అంతస్తు గదిలో తుపాకీ భుజానికెత్తడం ఎవరూ ఆపలేదు. రోజూ పావుగంట. మొదట బ్యారెల్ తెరిచి, రెండు గొట్టాల్లోంచీ కిటికీ వెలుతురు కనిపిస్తోందో లేదో చూస్తాను. మూసే ముందు మళ్ళీ చూస్తాను. ఇంట్లో ఒక్క తూటా కూడా ఉండదు, అయినా రెండుసార్లు చూస్తాను, ఆ సమయంలో ఇంట్లో ఎవరినీ ఆ గదిలోకి రానివ్వను. జాగ్రత్త అన్న మాట పుట్టిందే ఇక్కడి కోసం, ఇక్కడ ఎంత ఉన్నా ఎక్కువ కాదు.

తర్వాత గోడా పైకప్పూ కలిసే గీత ఉంటుంది కదా, దాని వెంట బ్యారెల్ కొసని ఎడమ మూల నుంచి కుడి మూలకి, మళ్ళీ వెనక్కి. బ్యారెల్‌లో సన్నటి పెన్ టార్చ్ పెడితే వెలుతురు చుక్క గీత మీద నడుస్తుంది. మొదటి నెలల్లో నా చుక్క తాగినవాడిలా నడిచేది, మూల దగ్గర కిందికి జారేది. అంటే చేతులతో తిప్పుతున్నాను, నడుంతో కాదు. అద్దం ముందు నిలబడి తుపాకీ ఎత్తితే బుగ్గ ముందు ఆనుతోందా, భుజానికి ముందు తగులుతోందా, తల తుపాకీ దగ్గరికి వంగుతోందా లేక తుపాకీయే తల దగ్గరికి వస్తోందా, ఇవన్నీ కనిపిస్తాయి. ఇంత నెమ్మదిగా, ఇంత తీరిగ్గా చూసుకుని సరిచేసుకునే అవకాశం రేంజ్‌లో దొరకదు. నాలుగు కిలోలకి దగ్గరుండే తుపాకీని రోజుకి వందసార్లు ఒకేలా ఎత్తిన భుజానికి పోటీ రోజున ఎలా ఎత్తాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎత్తడం అయ్యాక నూనె గుడ్డతో తుడవడం. మన ఊళ్ళో ఇది వేరే పని, ఊరికే అనట్లేదు. బీచ్ రోడ్డు పక్క ఇళ్ళ గ్రిల్లులు చూశారుగా. చేతి చెమట, ఉప్పుగాలి కలిస్తే బ్యారెల్ మీద వారంలోనే గోధుమరంగు చుక్కలు లేస్తాయి. కవర్లో పెట్టి మర్చిపోతే ఇంకా తొందరగా. తుపాకీని రోజూ తడిమి తుడిచేవాడికి దాని గురించి తెలియనిదేమీ మిగలదు, పిలిచాక దాని వైపు చూడాల్సిన అవసరం కూడా ఉండదు.

ఇంకో సంగతి, నేర్చుకునేవాళ్ళు మొదటిరోజే తెలుసుకోవాల్సింది. మా అక్క కొడుకు ఈ మధ్య షూటింగ్ అంటూ వెంటపడుతున్నాడు. వాణ్ణి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి, రెండు కళ్ళూ తెరిచి దూరంగా డాల్ఫిన్స్ నోస్ మీదున్న లైట్‌హౌస్‌ని వేలితో చూపించమన్నాను. "ఇప్పుడు ఎడమ కన్ను ముయ్యి." వేలు లైట్‌హౌస్ మీంచి జరిగిపోయింది. "మావయ్యా, లైట్‌హౌస్ పక్కకి వెళ్ళిపోయింది!" కుడిచేతి వాటం పిల్లాడు, ఎడమ కన్ను బలమైంది. ఇది తెలియకుండా కుడి భుజానికి తుపాకీ ఎత్తి ఏళ్ళ తరబడి తప్పుతూ, "నాకు టాలెంట్ లేదు" అని ఇంటికెళ్ళిపోయినవాళ్ళు నాకు తెలుసు. టాలెంట్ లేకపోవడం కాదు, రెండు నిమిషాల పరీక్ష ఎవరూ చేయకపోవడం. కొందరు భుజం మార్చుకుంటారు, కొందరు అద్దాల మీద ఎడమ కంటికి చిన్న మచ్చ అతికించుకుంటారు. వీడు చిన్నవాడు కాబట్టి ఎడమ భుజంతో మొదలెట్టమన్నాను.

ఇక మైండ్‌సెట్. ఈ మాట వినగానే నాకు కొంచెం చిరాకు. "పాజిటివ్‌గా ఆలోచించు", "నువ్వు కొట్టగలవు అనుకో" అంటారు. అనుకోవడం కూడా ఒక పనే కదా, పిలిచాక ఏ పనీ వద్దంటుంటే! కొట్టగలను అనుకునేవాడూ కొట్టలేనేమో అనుకునేవాడూ ఇద్దరూ బిళ్ళ వైపు కాకుండా తమ వైపే చూసుకుంటున్నారు. మనసుకి ధైర్యం చెప్పడం కంటే ఒక చిన్న పని అప్పగించడం మేలు. ట్రాప్‌లో ముందువాడి ఫలితం తేలాక మనం పిలవడానికి 12 సెకన్లుంటాయి. నాకు ఆ 12 సెకన్లలో ఒకే వరస: ముందువాడి క్లే వైపు చూడను. తూటాలు పెడతాను, మూసిన చప్పుడు వింటాను. పాదాలు. ఒక ఊపిరి వదులుతాను. ఎత్తుతాను. చూపుని కందకం పైన, బిళ్ళ స్పష్టంగా కనిపించే ఎత్తుకి తీసుకెళ్ళి వదులుగా ఉంచుతాను. పిలుస్తాను. ఒకటో క్లేకీ ఇదే, 25వ దానికీ ఇదే. పాదాల దగ్గరో ఊపిరి దగ్గరో స్కోరు గుర్తొస్తే తుపాకీ దింపి, టైమ్ ఉంటే మళ్ళీ మొదలుపెడతాను.

ఇప్పుడు కొందరు అడుగుతారు, 24 కొట్టాక 25వది ఒకటో దానిలాంటిదే ఎలా అవుతుంది అని. పారిస్‌లో 2024లో స్కీట్ మిక్స్‌డ్ టీమ్ కాంస్యం కోసం అనంత్‌జీత్ సింగ్ నరూకా, మహేశ్వరీ చౌహాన్ చైనా జంటతో తలపడి 43-44తో ఓడిపోయారు. ఆ రాత్రి టీవీ ముందు నా కడుపు మండిపోయింది, ఒక్క క్లే! మర్నాడు అందరూ "ఆ ఒక్క క్లే" అన్నారు. కానీ ఏది ఆ ఒక్కటి? ఇద్దరికీ కలిపి వచ్చిన 48లో పోయిన ఐదూ సమానమే. మొదట్లో పోయింది తేలికైనది, చివర పోయింది బరువైనది అని బిళ్ళల మీద రాసుండదు. చివరి దానికి మనమే బరువు తగిలిస్తాం, తగిలించి "టెన్షన్" అంటాం.

2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో (ఒకేసారి రెండేసి బిళ్ళలు లేచే పోటీ) రజతం గెలిచినప్పుడు నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్నాను, హాస్టల్ టీవీ ముందు ఎంతమంది గుమిగూడామో. షాట్‌గన్ అన్నది నా బుర్రలోకి వచ్చింది ఆ రోజే. ఆయన స్కోరు 179, స్వర్ణం గెలిచిన యూఏఈ షూటర్‌ది 189, కాంస్యం 178. అంటే మన దేశం ఇప్పటికీ చెప్పుకునే ఆ పతకంలో 200కి 21 క్లేలు పోయాయి. ఒకటి పోయాక తర్వాతి జతకి నిలబడటం ఆయన 21 సార్లు చేసుంటాడు, ఇంచుమించుగా. నాకు ఆ పతకంలో అన్నిటికంటే గొప్పగా కనిపించేది అదే. కువైట్ షూటర్ అబ్దుల్లా అల్ రషీదీ టోక్యోలో అరవైకి దగ్గరపడిన వయసులో స్కీట్ కాంస్యం గెలిచాడు. మన తెలుగువాళ్ళకి ఇది దూరపు ఆటేమీ కాదు, హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ రియో ఒలింపిక్స్‌లో ట్రాప్ ఆడాడు, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో జట్టుతో స్వర్ణం, విడిగా కాంస్యం తెచ్చాడు. ఎన్ని ఇళ్ళలో ఆ పేరు తెలుసు?

మొన్నటి హైదరాబాద్ రౌండ్‌కి గాలి ఎదురుగా ఉంది. ఎదురుగాలికి బిళ్ళ అనుకున్న దానికంటే పైకి లేస్తుంది, వెనక గాలికి కిందికి అణుగుతుంది, ఆ రోజు లేస్తూనే ఉంది. మొదటి మూడిట్లో రెండు పోయాయి. పాత నేనైతే అక్కడే రౌండ్ వదిలేసి, మిగతాది బలవంతాన ముగించి, రైల్లో తుపాకీని తిట్టుకునేవాణ్ణి. వరస చేశాను. తూటాలు, పాదాలు, ఊపిరి, చూపు. అదే మిత్రుడు పక్క స్టేషన్‌లోనే ఉన్నాడు, పాత సంగతి ఇద్దరం మాట్లాడుకున్నాం కాబట్టి ఏమీ అనలేదు. అయ్యాక షీట్ చూస్తే 22.

తెల్లవారుజామున దువ్వాడ దాటాక, పక్కవాళ్ళు సామాన్లు దింపుకుంటుంటే, నోట్‌బుక్ తీసి మూడు మిస్‌లూ రాశాను. "2, స్టే 2, కింద. గాలి చూసుకోలేదు, పిలవకముందే చూడాల్సింది." "3, అదే." "16, స్టే 1, పైన, తల." తర్వాత పెన్ను పట్టుకుని 17 నుంచి 25 దాకా ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని చాలాసేపు ఆలోచించాను. ఒక్కటి కూడా గుర్తు రాలేదు. అదే రాసి మూసేశాను.